నంబర్లు లేని గేరు నాబ్

మాస్టారు కారు నేర్పడం మానేసి మూడేళ్ళయింది. మానేశారనడం మర్యాద కోసం. ఒకరోజు పాఠం మధ్యలో కారాపించి, స్టీరింగు ముందున్న కుర్రాణ్ణి "మనమిప్పుడు ఎక్కడికి వెళ్తున్నాం?" అని అడిగారు. వాడు సరదా అనుకుని నవ్వాడు. మాస్టారు నవ్వలేదు. ఆ సాయంత్రమే ఆయన భార్య డ్రైవింగ్ స్కూలు బోర్డు దింపించి మంచం కిందికి తోసేసింది.

అప్పట్నుంచి మతిమరుపు ఆ ఇంట్లో అద్దె కట్టని మనిషిలా తిష్ఠ వేసుకుని కూర్చుంది. ముందు కళ్ళజోడు పెట్టిన చోటు పోయింది, తర్వాత వారాల పేర్లు, ఆ తర్వాత పక్కింటివాళ్ళు. చివరికి ఆమె వంతు కూడా వచ్చింది. పెళ్ళయిన కొత్తలో ఆమె వాగుడు భరించలేక ఆయన పెట్టిన పేరు "కుట్టుమిషన్". అసలే ఆమె దర్జీ, పైగా నోటికి పెడలు ఆగదు. నలభై ఏళ్ళుగా ఆ పేరుతోనే పిలిచారు. ఇంట్లో ఆ పిలుపు వినపడి ఏడాది దాటింది.

కార్లో మాత్రం వినపడేది. ఆమె కొట్టు పది నిమిషాల దూరం. పొద్దున ఆయనే కారు తోలుకెళ్ళేవారు, రోజంతా కొట్లో మూల కుర్చీలో కూర్చుని చీటీ గుడ్డల్ని మడతపెట్టేవారు, సాయంత్రం ఆయనే తీసుకొచ్చేవారు. సీట్లో కూర్చుని గేరు నాబ్ మీద అరచెయ్యి వేశారంటే చాలు, వెన్ను నిటారుగా అయ్యేది. "వీడికి లైసెన్సిచ్చినవాణ్ణి ముందు లోపలెయ్యాలి, ఏమంటావే కుట్టుమిషనూ?" అనేవారు ముందు బండిని చూసి.  ఆ పది నిమిషాలూ నోరు మూసుకుని వినడం ఆమె నేర్చుకుంది. కారు సంగతి డాక్టరుకు చెప్పలేదు. చెబితే వద్దంటాడని తెలుసు. తప్పేనని కూడా తెలుసు. అయినా రోజుకు రెండుసార్లు దొరికే మొగుణ్ణి చేజేతులా ఎవరు వదులుకుంటారు?

ఒక ఉదయం గేటులోంచి కారు వెనక్కి తీయబోయి ఆయన మొదటి గేరు వేశారు. కారు ముందుకు దూకి గోడను గుద్దుకుంది. హెడ్‌లైటు అద్దం పగిలింది, అంతే. కానీ ఆయన కిందికి వంగి నాబ్ వంక చూస్తూ ఉండిపోయారు. ఏళ్ళ తరబడి అరచెయ్యి రాసుకుని దాని మీది అంకెలన్నీ ఏనాడో పోయాయి. నాబ్ బోడిగుండులా నున్నగా ఉంది. పాపం, ఏ గేరెక్కడుందో రాసి ఉంటే కదా ఆయనకు తెలిసేది అనుకుంది ఆమె. ఆ ఆలోచన రాగానే ఆమెకు ప్రాణం లేచొచ్చింది. జబ్బుకు మందు లేదన్నారు గానీ, నాబ్‌కు మందుంది కదా.

స్పేర్ పార్టుల కొట్టుకు మూడుసార్లు తిరిగి, అన్నిట్లోకీ పెద్ద అంకెలున్నది ఏరి తెచ్చింది. నల్లగా మెరిసే నాబ్, కొట్టొచ్చినట్టు కనపడే తెల్లటి అంకెలు. ఆదివారం మాస్టారు భోంచేసి పడుకున్న వేళ చూసి మెకానిక్‌ను ఇంటికి పిలిపించింది. అతనూ ఒకప్పుడు మాస్టారి శిష్యుడే. ఇప్పుడు గడ్డం నెరిసింది.

అతను గేరు రాడ్డు కింది తోలు తొడుగు లాగేసి, నాబ్‌కు గుడ్డ చుట్టి, వేడినీళ్ళు పోసి, రెండు చేతులా తిప్పాడు. కదల్లేదు. మళ్ళీ నీళ్ళు పోశాడు. ముఖం కందగడ్డలా అయింది గానీ నాబ్ మాత్రం ససేమిరా అంది.

"ఎప్పుడో వదులైతే మాస్టారే బంక పోసి బిగించేసినట్టున్నారమ్మా. ఇది ఊడి రాదు, కొయ్యాల్సిందే. కోశాక మళ్ళీ పెట్టుకోడానికుండదు. పోనీ దీనిమీదే అంకెల స్టిక్కరొకటి అంటించనా?"

"బోడిగుండుకు బొట్టెందుకు? శుభ్రంగా కొత్తదే వెయ్యి" అంది ఆమె.

"అయినా అంకెలతో మాస్టారికి పనేంటమ్మా" అన్నాడతను రంపం అందుకుంటూ. "మాకు నేర్పేటప్పుడు నాబ్ మీద చేతిరుమాలు కప్పేసేవారు. కిందికి చూస్తే నెత్తిన మొట్టికాయే. నేనెన్ని తిన్నానో."

ఆమె నవ్వింది. ఆ రుమాళ్ళకు అంచులు కుట్టింది ఆమే. మొట్టికాయల సంగతి విని మురిసిపోయింది గానీ, అతనన్న మొదటి మాట చెవికెక్కించుకోలేదు. నాబ్ రెండు చెక్కలై ఊడింది. అతను ఆ చెక్కల్ని ఆమె చేతిలో పెట్టాడు, ఆమె చెత్తబుట్టలో వేసింది. కొత్తది పావుగంటలో బిగుసుకుంది.

మర్నాడు ఉదయం, మెకానిక్ గేటు బయట వీధిలో ఆపి వెళ్ళిన కార్లో, ఆమె ఎప్పటిలాగే ఆయన పక్కన కూర్చుంది. మాస్టారు ఇంజను స్టార్ట్ చేసి, ముందుకే చూస్తూ, నాబ్ మీద చెయ్యి వేశారు. వేసిన చెయ్యి వెంటనే తీసేశారు. మళ్ళీ వేశారు. వేళ్ళు దాని చుట్టూ తడుముకున్నాయి, దేన్నో వెతుకుతున్నట్టు. అప్పుడు తల వంచి చూశారు.

"ఒకటి" అని చదివారు. "రెండు. మూడు." ఒకటో తరగతి పిల్లాడిలా ఐదు దాకా చదివి ఆగిపోయారు. అవి తనతో ఏం చెబుతున్నాయో ఆయనకు తెలియలేదు. ఏదో గేరు వేయబోతే గేర్‌బాక్సు గరగరమంది.

 ఆమె గబగబా ఆయన జేబులోంచి రుమాలు లాగి అంకెల మీద కప్పింది. "ఏవండీ, చూడకండి. ఎప్పట్లాగే వెయ్యండి." ఆయన వేయలేదు. ఆమె లోపలికి పరుగెత్తి, చెత్తబుట్ట బోర్లించి, ఆ రెండు చెక్కలూ ఏరి, దారంతో చుట్టూ బిగించి తెచ్చి, మళ్ళీ పక్క సీట్లో కూర్చుని ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఎవరిదోనమ్మా ఇది. పోగొట్టుకున్నట్టున్నారు" అని మర్యాదగా తిరిగిచ్చేశారు.

అప్పుడు తెలిసింది ఆమెకు. ఆయనకు అంకెలెప్పుడూ అక్కర్లేదు. తలలోంచి అన్నీ జారిపోతుంటే, మిగిలిన కాస్తా ఆ అరచేతిలో దాగి ఉంది. దాన్ని ఆమే పక్కనుండి రంపం పెట్టించి కోయించింది. కోసే ముందు మెకానిక్ రెండు మాటలు చెప్పాడు కూడా.

మాస్టారు కిందికి దిగారు. బానెట్ ముందునుంచి చుట్టి వచ్చి ఆమె వైపు తలుపు దగ్గర నిలబడ్డారు.

"మీరటు కూర్చోవాలమ్మా. ఇది నా సీటు."

ఊరందరికీ కారు నేర్పిన మనిషి పెళ్ళానికి మాత్రం నేర్పలేదు. నీ నోటికి బ్రేకెవరేస్తారే అనేవారు. ఆమె చుట్టూ తిరిగి వచ్చి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, స్టీరింగు ముందు కూర్చుంది. మాస్టారు పక్కన కూర్చుని చొక్కా సర్దుకున్నారు. ఆయన వెన్ను నిటారుగా అయింది. ఒక్క క్షణం ఆమెకు ఆశ పుట్టింది.

"కొత్తగా చేరారా?" అని అడిగారాయన.

ఆమె స్టీరింగును రెండు చేతులా పట్టుకుంది. "అవునండీ" అంది.

"భయమేం లేదు. క్లచ్ తొక్కండి. ఎడమవైపుది. గేరు వంక చూడొద్దు, రోడ్డు చూడండి."

ఆమె చేతి మీద తన చెయ్యి వేశారు. అది ఆయన రెండో చెయ్యి, కుడిది, ముప్పై ఏళ్ళు పక్క సీట్లోంచి శిష్యుల చేతుల మీదుగా గేర్లు మార్చిన చెయ్యి. దానికి పాత నాబయినా కొత్త నాబయినా ఒకటే. గేరు వెన్నలో పడ్డట్టు పడింది. ఆ అరచెయ్యి కింద ఉన్న చెయ్యి ఎవరిదో మాత్రం ఆయనకు తెలియలేదు.

కొత్తవాళ్ళ భయం పోగొట్టడానికి మాస్టారు అందర్నీ ఒకే ప్రశ్న అడిగేవారు. అదే అడిగారు.

"ఇంట్లో ఎవరెవరుంటారమ్మా?"

"మా ఆయనా, నేనూనండి."

"మరి ఆయనకు కారు రాదా?"

ఆమె రోడ్డు వంకే చూస్తూ ఉంది, చెప్పినట్టే.

"మొన్నటిదాకా వచ్చేదండి" అంది. "నేనే పోగొట్టాను."