మోతీలాల్ జేబులోని తెల్ల బిళ్ల

ఏన్కూరు దాటాక అడవి అంచున ఉన్న తండాలో భద్రు మిర్చి బస్తా ఎత్తి విసిరాడంటే, ట్రాక్టర్ ముందు చక్రాలు రెండూ గాల్లోకి లేచేవి. డ్రైవరు వీరబాబు స్టీరింగు పట్టుకుని వేలాడేవాడు. నమ్మకపోతే ఎవరినైనా అడగండి, భద్రు భార్య మంగ్లిని తప్ప. ఆమెను అడిగితే తన అన్న మోతీలాల్ సంగతే చెబుతుంది.

భద్రు కడుపుమంటంతా అదే. బావ తనకన్నా పెద్దవాడు. అయినా బస్తా భుజాన వేసుకుని ఈల వేస్తూ పోతాడు. భద్రుకేమో నడుము పట్టేస్తుంది, మోకాలు కలుక్కుమంటుంది.

“మా అన్నను సూడు, గాలి లెక్క పోతుండు. నువ్వేందయ్యా, బాలింత లెక్క మూలుగుతున్నవ్?” అంది మంగ్లి, కల్లంలో అందరి ముందు.

ఆనాటి నుంచి భద్రు కన్ను బావ మీదే. ఒక పొద్దున మోతీలాల్ గట్టు చాటుకు పోయి, జేబులోంచి తెల్ల బిళ్ల తీసి నోట్లో వేసుకోవడం చూశాడు.

“ఓహో, గిదా సంగతి! నొప్పి గోళీ మింగి పహిల్వాన్ అయితుండా!”

బావ ఒక రకం మింగితే తాను మూడు రకాలు మింగాలి కదా! ఆర్‌ఎంపీ దగ్గర నడుముకు ఒక రకం తెచ్చాడు, కిరాణా కొట్లో మోకాలికి ఒకటి, సంతలో జలుబు గోళీలు. రంగులు వేరు, అట్టలు వేరు. అందుకని పూటపూటా అన్నీ కలిపే మింగాడు. పని దిగాక ఇప్పసారా. నొప్పి పోయింది. మిర్చి అయిపోయి తునికాకు పని మొదలైనా గోళీలు మానలేదు. బావ జేబు ఖాళీ కాలేదు మరి!

ఆకు కట్టలు ఎండలో తిప్పే రోజుల్లో భద్రుకు కూర వాసన వస్తేనే డోకు మొదలైంది.

“నీ కండ్లేంది, గిట్ల పచ్చగయినయ్?” అంది మంగ్లి.

“మీ అన్నకు కాలేదా?” అన్నాడు భద్రు, ఆ పూట కూడా.

భద్రాచలం దవాఖానాలో డాక్టర్ స్తుతి అతని సంచిలోని అట్టలన్నీ బల్ల మీద పరిచింది.

“పెద్దాయనా, పేర్లే వేరు. లోపలున్న మందు ఒక్కటే. ఒకటి ఏసుకునే కాడ మూడు మింగినవ్, గది గూడ నెలల కొద్ది. పైన సారా. లివర్ మోయలేక కూలబడ్డది.”

“మళ్ల లేస్తదా అమ్మా?”

“సారా, గీ గోళీలు బంద్ జేస్తే లేస్తదనే సూస్తున్నం. మళ్ల ముట్టినవంటే మాత్రం నా చేతుల లేదు.”

భద్రుకు ప్రాణభయం పట్టుకుంది. అయినా కుళ్లు వదల్లేదు. కొబ్బరి బోండాలతో చూడవచ్చిన బావ కళ్లు మల్లెపూలలా తెల్లగా ఉన్నాయి!

“నువ్వు గూడ మింగినవ్ గదా బావా! నీ లివర్ ఇనుముతోటి చేసిండ్రా?”

“నేనేం మింగిన?”

“జేబుల తెల్ల బిళ్ల!”

మోతీలాల్ బిళ్ల తీసి అతని అరచేతిలో పెట్టాడు. పిప్పరమెంటు.

“బీడీ మాన్పియ్యాలని మీ చెల్లె లాలి ఇస్తది. అందరి ముందు తింటే పిల్లలు గుంజుకుంటరని చాటుకు పోత.”

“మరి నడుం నొయ్యదా?”

“నొయ్యకేంది? ఇంటికాడ లాలి కాపడం పెడుతుంటే నా కేకలకు మేకలు తాళ్లు తెంపుకుంటయ్. మా మంగ్లి వచ్చినప్పుడల్లా నీ ముచ్చటే, మా ఆయన లెక్క మోసెటోడు లేడని. ఓర్వలేక సచ్చిన, బావా! అందుకే గా ఈలలు.”

మంగ్లికి అప్పుడే బోండాం కొట్టాలని గుర్తొచ్చింది. అటు తిరిగి కూర్చుంది.

భద్రు తలగడ కింద దాచిన చివరి అట్ట తీసి బావకిచ్చాడు. “గిది డాక్టరమ్మకు ఇచ్చిరా. గా పిప్పరమెంట్లు ఇటు తే.”

భద్రు మెల్లగా తేరుకున్నాడు. మరుసటి ఏడు మిర్చికి బావలిద్దరూ ఒకే బస్తాను చెరో కొస పట్టుకుని, మూలుగుతూ మోశారు.

ట్రాక్టర్ చక్రాలా? అవి కథ చెప్పే నేను లేపినవే. భద్రు ఏనాడు విసిరినా బస్తా ట్రాలీ అంచు కూడా తాకలేదు. పైనుంచి వీరబాబే గుంజుకునేవాడు.