ఎర్ర మూత వెనక

ఆవిడకు భయం పుట్టుకతో వచ్చింది. కుక్కరు కూత ఆలస్యమైతే పెరట్లోకి వెళ్ళి నిలబడేది. ఫోన్ మోగితే ముందు కూర్చుని, ఆ తర్వాత ఎత్తేది. నిలబడి వింటే ఆ కబురుకి కాళ్ళు ఆగవేమోనని. అలాంటి మనిషి కడుపున, ఇనుప గొట్టాలు అతికించి బండి తయారుచేసే కూతురు పుట్టింది.

తలుపుల్లేవు, చుట్టూ రేకు లేదు, వట్టి గొట్టాలు, నాలుగు లావు టైర్లు. రాళ్ళగుట్టలు ఎక్కించడానికట. కూతురు దాన్ని బగ్గీ అనేది. తల్లి ఎముకల గూడు అనేది. ఇంటి వెనక షెడ్డులో ఏడాదికి పైగా పెరుగుతూ వచ్చింది అది.

"నేను నిన్ను మోసినదానికన్నా ఎక్కువ నెలలు మోస్తున్నావే దీన్ని."

"ఇది రాత్రిళ్ళు లేచి ఏడవదుగా. నాకదే సుఖం."

ఇక మిగిలింది కరెంటు పని. ఆ సాయంత్రం కూతురు ఇంజను పక్కన వెల్లకిలా పడుకుని, బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్‌కి వైర్లు కలుపుతోంది. తల్లి టార్చి పట్టుకుంది. వేలు లావున్న వైరు ఒకటి అక్కణ్ణుంచి బ్యాటరీకి పోతోంది.

"ఇది అంటుకుంటే?"

"ఫ్యూజు పోతుంది."

"ఫ్యూజు పోకపోతే?"

"నేను పోతా. టార్చి ఇటు చూపించమ్మా."

టార్చి వెలుగు షెడ్డు కప్పు మీదకు పోయింది.

"సరదాకన్నానే తల్లీ. చూడు, నీకు అర్థమయ్యేట్టు చెప్తా." కూతురు లేచి, స్టీరింగు ముందున్న పలక వెనక నుంచి ఒక సన్న వైరు లాగి చూపించింది. దాని చివర చింతగింజంత బల్బు, దాని ముందు పలకకు బిగించిన ఎర్ర మూత. "తాళం తిప్పగానే ఇది వెలగాలి. దీని మీదుగా కొంచెం కరెంటు పోతేనే ఆల్టర్నేటర్ మేలుకుంటుంది. ఇంజను అందుకున్నాక ఆరిపోవాలి. ఆరిందంటే బ్యాటరీ నిండుతోందని లెక్క."

"ఇంత బల్బు లేకపోతే?"

"లేకపోతే నిద్రే. లేవమన్నా లేవదు."

దేని నిద్ర అని తల్లి అడగలేదు. ఆ మాట మాత్రం మనసులో పెట్టుకుంది.

తెల్లారి కూతురు క్వారీకి బయలుదేరుతానంది. లారీలు దిగే ఏటవాలు దారి ఉందక్కడ, దాన్ని బండి ఎక్కుతుందో లేదో చూడాలి. లేతు షాపు నడిపే మేనమామ తోడు వస్తానన్నాడు. వచ్చే ఆదివారం ఇలాంటి బళ్ళు కట్టినవాళ్ళందరూ అక్కడ చేరతారట. తల్లి కళ్ళముందు మాత్రం వాకిట్లో చాపా, దాని మీద దుప్పటీ, చుట్టూ జనమూ ముందే ఉన్నారు.

కూతురు స్నానానికి వెళ్ళగానే ఆవిడ షెడ్డులోకి వెళ్ళింది. పలక వెనక చెయ్యి పెట్టి, తడిమి, బల్బును పీకి కొంగున ముడేసుకుంది. హోల్డరు ఉన్నచోటనే ఉంది. ఎర్ర మూత ముందు వైపు ఎలా ఉన్నదో అలాగే ఉంది. ఇవాళ్టికి లేవదు, రేపటి సంగతి రేపు చూద్దాంలే అనుకుంది.

కూతురు బండిని వాకిట్లోకి తోసి సీట్లో కూర్చుంది. తాళం తిప్పింది. పొద్దుటి ఎండ సూటిగా పలక మీద పడుతోంది. ఎర్ర మూత అచ్చం వెలిగినట్టే మెరిసింది.

"వెలిగింది" అంది కూతురు.

తల్లి నోరు తెరిచింది. అంతలోనే ఇంజను గర్రున అందుకుంది. బల్బు కొంగులో ఉంది, బండి ఎలా లేచిందో ఆవిడకు అంతుపట్టలేదు. చేసేదేమీ తోచక, కనీసం సీటు బెల్టయినా గట్టిగా ఉందో లేదో లాగి చూద్దామని బండి మీదకు వంగింది. ఆవిడ నీడ పలక మీద పడింది. ఎర్ర మూత నల్లబడింది.

"చూశావా, ఆరిపోయింది. ఇక నీకు భయం లేదు. మామయ్యని అటే రమ్మను" అని కూతురు వెళ్ళిపోయింది.

పోనీలే, బల్బు అక్కర్లేదన్నమాట, వచ్చాక చప్పుడు కాకుండా పెట్టేయొచ్చు అని ఆవిడ సర్దిచెప్పుకుంది. ఎండ ముదిరాక గానీ తమ్ముడు వ్యాన్ వేసుకుని రాలేదు.

"అప్పుడే వెళ్ళిపోయిందా? నాకు షాపులో పని తెగలేదక్కా."

"తమ్ముడూ, ఆ ఎర్రబల్బు లేకపోతే బండి కదలదనుకున్నానే."

"ఎందుకు కదలదు, బ్యాటరీ మీద కదులుతుంది. కాకపోతే బ్యాటరీ నిండదు. పెట్రోలు పంపు, ఫ్యాను దాన్నే తింటూ ఉంటాయి. తిన్నంతసేపు తిని, ఎక్కడో ఎత్తు మీద ఉన్నట్టుండి ఆగి ఊరుకుంటుంది." అక్క మొహం చూసి ఆగాడు. "ఏమైందక్కా?"

"పోదాం పద" అంది ఆవిడ.

ఏటవాలు దారి కింద బగ్గీ తలకిందులుగా ఉంది. చక్రాలు తిరగడం ఎప్పుడో మానేశాయి. కూతురు ఒక బండరాయికి ఆనుకుని కూర్చుని, ఎడమ చేతిని కుడిచేత్తో ఒళ్ళో పట్టుకుంది. మోచేతి కింద ఆ చెయ్యి వంగకూడని చోట వంగింది.

"సగం ఎత్తులో ఆగింది మామయ్యా. స్టార్టరు తిప్పితే టక్కుమంది, అంతే. వెనక్కి జారి పల్టీ కొట్టింది."

మేనమామ మోకాళ్ళ మీద కూర్చుని ఆ చెయ్యి చూశాడు. 

"చార్జింగ్ అవ్వలేదు. ఎక్కడో తప్పు కలిపాను. బల్బు ఆరడం కళ్ళారా చూశాను, అయినా అవ్వలేదు. తప్పెక్కడుందో కూడా తెలియడం లేదు నాకు." కూతురు ఊపిరి కూడదీసుకుంది. "అమ్మ భయపడిందే నిజమైంది. నాకీ పని రాదు. తుక్కుకి వేసేయ్ దీన్ని."

ఏడాదిగా తల్లి ఎదురుచూసిన మాటలు అవే. ఇక ఊరుకుంటే చాలు. కూతురు మళ్ళీ ఆ షెడ్డు గడప తొక్కదు.

ఆవిడ కొంగు ముడి విప్పింది.  బల్బును అరచేతిలో పెట్టి కూతురి ముందు చాపింది.

కూతురు దాన్ని చూసింది. 

"ఎప్పుడు తీశావు?"

"నువ్వు స్నానానికెళ్ళినప్పుడు. బండి కదలదనుకున్నానమ్మా."

కూతురు మేనమామ వైపు తిరిగింది. "అయితే నేను కలిపింది సరిగ్గానే ఉంది."

"ఉందే తల్లీ. ముందు లే, ఆస్పత్రికి పోదాం."

లేపడానికి తల్లి ఒక పక్కకు వచ్చింది. "వద్దు, నొప్పి" అంది కూతురు. మేనమామను పట్టుకుని లేచి నిలబడ్డాక, ఇంకా చాపే ఉన్న ఆ అరచేతిలోంచి, చర్మానికి వేలు తగలకుండా, బల్బును మాత్రం తీసుకుంది.

వ్యానులో డ్రైవరు పక్కన ఒక్క సీటే ఉంది, అందులో కూతురు కూర్చుంది. తల్లి వెనక ఇనుప ముక్కల మధ్య కూర్చుంది. మధ్యనున్న అద్దపు కిటికీలోంచి చూస్తోంది. తమ్ముడు తాళం తిప్పగానే పలక మీద ఎర్ర దీపం వెలిగింది. ఇంజను అందుకున్నాక ఆరింది. కూతురు కూడా దాన్నే చూసింది. వెనక్కి మాత్రం తిరగలేదు.