గద్ద రెక్కకు చుట్టుకున్న పోగు

డాబా మీద తడి దుప్పటిని అమ్మ ఒక కొస, నేను ఒక కొస పట్టుకుని పిండుతున్నాం. ఎదురు బిల్డింగు నీళ్ల ట్యాంకు మీదుగా గద్ద ఒకటి ఒరిగి పోయింది. దాని వెనక ఏదో సన్నగా మెరిసింది. పతంగుల పండుగ అయిపోయి వారమైనా, సూరత్‌లో తెగిన మాంజా ఇంకా ఎక్కడపడితే అక్కడ వేలాడుతూనే ఉంది.

దుప్పటి అమ్మకు వదిలి, ఊళ్లో సైన్సు సారు ఇచ్చిన పాత దుర్భిణి తెచ్చాను. పక్షులను కాపాడేవాళ్లకు ఫోన్ చేస్తే, దారం కాలికుందా, రెక్కకుందా చూసి చెప్పమన్నారు. రెక్కకైతే వెంటనే వస్తారట. గద్ద వెంట దుర్భిణి తిప్పాను. దొరికినట్టే దొరికి జారిపోయింది. మళ్లీ తిప్పాను. మళ్లీ అంతే.

మెట్ల దగ్గర మా బాపు మాస్కు గడ్డం కిందికి లాక్కుని కూర్చున్నాడు. ఇరవై రెండేళ్లు సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసిన మనిషి. కరోనా జ్వరం నుంచి లేచి పనికి పోయిన మొదటి వారంలోనే, తెగిన పోగును గమనించక రెండు మీటర్ల బట్ట పాడుచేశాడు. చూపు మందగించిందని సేటు ఆయనను మడతల పనికి మార్చాడు. బాపు కూడా అదే నమ్మాడు.

"ఇటియ్యి," అన్నాడు.

అమ్మ నవ్వింది. "సాంచె మీద పోగు కనవడనోనికి మబ్బుల గద్ద కనవడ్తదా?"

"నువ్వు దుప్పటి ఆరెయ్యే," అని నావైపు తిరిగాడు. "దాని ఎంటవడి ఉరికితె ఎట్ల దొరుకుతది బిడ్డా? సాంచె మీద నాడె పోగు దీస్కొని అటిటు ఉరుకుతుంటె దాని ఎంట కన్ను తిప్పుతమా? అచ్చే కాడ కన్ను నిలపాలె."

దుర్భిణిని ట్యాంకు అంచుకు గురిపెట్టి కదలకుండా నిలబడ్డాడు. గద్ద చుట్టు తిరిగి అక్కడికే వచ్చింది. రెండోసారి కూడా.

"ఎడమ రెక్క. గులాబీ పోగు. రెండు చుట్లు వడ్డది. కొస తోక దాంక ఏలాడ్తుంది."

ఆయన చెప్పినట్టే నిలిపి నేనూ చూశాను. అచ్చం అంతే. ఫోన్‌లో ఆ మాటలే చెప్పాను. గద్ద ట్యాంకు మీద వాలేసరికి వాళ్లు నిచ్చెన, వల తెచ్చారు. దాన్ని పట్టి దారం కత్తిరించారు. ఇంత వివరంగా ఎవరు చూశారని అడిగితే, "మా బాపు," అన్నాను. వీధి చివరి దాకా వినపడి ఉంటుంది.

"ఇగ దుర్భిణి వెట్టుకొని నేస్తవా?" అంది అమ్మ.

"అది దగ్గరికి తెచ్చింది గంతే. పట్టింది నా కన్ను." బాపు మెట్ల వైపు తిరిగాడు. "ఆ దినం పానమే బాగ లేకుండె. కన్నుది తప్పు కాదు."

మడతల పని తొమ్మిదింటికి మొదలవుతుంది. సాంచెల దగ్గర పాళీ, అంటే షిఫ్టు, మారేది ఏడింటికి. మర్నాడు ఆరున్నరకే బాపు చొక్కా వేసుకుని, మాస్కు సరిచేసుకుని గడప దాటాడు.