మూత మీద చిల్లులు

గది గుమ్మం దగ్గరే ఆమె చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. కిటికీ పక్క బల్ల మీద బీకరు ఉంది. చెప్పుల చప్పుడుకి ఆ బల్ల అదురుతుందని ఎవరూ రుజువు చేయలేదు. అదరదనీ ఎవరూ రుజువు చేయలేదు. డాక్టరేటు ఉన్నవాళ్ళు ఇలాంటి చోట ఉత్త కాళ్ళతో నడవడమే మంచిదనుకుంటారు.

ఊపిరి బిగబట్టి, మోకాళ్ళ మీద వంగి, బీకరుని పక్కనుంచి చూసింది. పలచటి టీ రంగు ద్రావణం. పైన కాగితం మూత, దాన్ని పట్టి ఉంచే రబ్బరు బ్యాండు. మూత మీద సూదితో పొడిచిన ఐదు చిల్లులు. ద్రావణం ఆ చిల్లుల్లోంచి ఆవిరవుతూ పోతే, ఏదో ఒకనాటికి అడుగున స్ఫటికం పుట్టాలి. నిదానంగా పుడితే గాజులా ఉంటుంది. తొందరపెడితే పిండిలా రాలుతుంది.

అడుగున ఏమీ లేదు.

ఈ సాయంత్రంతో ప్రాజెక్టు గడువు అయిపోతుంది. బియ్యపు నూకంత స్ఫటికం కనిపించినా చాలు, గైడుగారు మరో ఏడాది పొడిగింపు అడగగలరు. కనిపించకపోతే సోమవారం ఆమె టూత్‌పేస్టు కంపెనీలో చేరుతుంది. పేస్టు ట్యూబులోంచి మరీ జారకుండా, మరీ మొండికేయకుండా రావడం అక్కడ ఆమె పూచీ.

నొక్కితే కరెంటు పుట్టే ఈ స్ఫటికం ఆమెకు ఒకే ఒక్కసారి వచ్చింది, థీసిస్ రాస్తున్న రోజుల్లో. పట్టకారుతో తీసి కిటికీ వైపు పట్టుకుంటే, కిటికీ మొత్తం, చువ్వలతో సహా, అందులో తలకిందులుగా కనిపించింది. ఆ తర్వాత దాన్ని ఎక్స్‌రే యంత్రంలో బిగిస్తుంటే రెండు ముక్కలైంది. సగం కొలతలతోనే డాక్టరేటు ఇచ్చారు. మిగతా సగం కోసం ఆమె ఇక్కడే ఉండిపోయింది. అడిగినవాళ్ళకు కొలతల కోసమని చెబుతుంది. నిజానికి ఆ కిటికీని ఇంకొక్కసారి చూడాలని.

మధ్యాహ్నం తమ్ముడి భార్య ఫోన్ చేసింది. ఆమె బీకరుకి దూరంగా, వరండాలోకి వెళ్ళి ఎత్తింది.

"వదినా, ఆ గిన్నెలోది వచ్చిందా?"

"రాలేదమ్మా."

"నిన్న మా పెరుగూ తోడుకోలేదు. కాస్త వెచ్చగా పెట్టి చూడకపోయారా?"

"వెచ్చగా పెడితే పాడవుతుంది."

"పోనీలెండి, ఎలాగూ టూత్‌పేస్టు ఉందిగా. మా పుట్టింటివాళ్ళకి పళ్ళ డాక్టరని చెప్పేశాను."

"నేను పళ్ళ డాక్టర్ని కాదు."

"నాకు తెలియదా వదినా. ఇన్నాళ్ళూ ఏం డాక్టరో చెప్పలేక చచ్చాం. అన్నట్టు మా నాన్నకి కింద దవడలో ఒకటి కదులుతోంది. ఓసారి చూస్తారా?"

"సోమవారం దాటనివ్వమ్మా," అంది ఆమె.

గదిలోకి వచ్చి, తెచ్చుకున్న డబ్బా విప్పి, గోడ మీది గ్రూపు ఫోటోకి ఎదురుగా కూర్చుని తింది. ఫోటోలో అందరూ తెల్లకోట్లతో, లోకాన్ని మార్చబోయే మొహాలతో ఉన్నారు. బ్యాటరీల మీద పనిచేసినవాడు పేటెంటు ఆఫీసులో కూర్చుని, పరాయివాళ్ళ బ్యాటరీల గురించి చదువుతున్నాడు. రంగులు మార్చే పదార్థాల మీద పనిచేసినమ్మాయి పెయింటు కంపెనీలో, రంగు మారకుండా చూసే విభాగంలో ఉంది. నీళ్ళంటని పూతల మీద డాక్టరేటు చేసినవాడు ఫ్లాట్లు అమ్ముతున్నాడు. వాటిలో బాత్రూములు కారుతున్నాయి. ఫోటో చివర నవ్వుతున్న మనిషి తానే. అప్పుడు జుట్టు ఎక్కువ ఉండేది.

ఎండ బల్ల మీంచి తప్పుకున్నాక గైడుగారు వచ్చారు. ఆయన కూడా గుమ్మంలో చెప్పులు విప్పారు. ఆమె ఏటా వెళ్ళిపోతాననడం, ఆయన "ఇంకొక్క పేపరు వేసి వెళ్ళమ్మా" అనడం అలవాటైపోయింది. ఇవాళ ఆ మాట అనలేదు. ఇద్దరూ బీకరు ముందు, కాన్పు గది బయట చుట్టాల్లా కూర్చున్నారు.

"కనిపిస్తోందా?" అన్నారాయన.

"లేదు సార్."

"నా కళ్ళద్దాలు మార్చాలి. నాకేదో మెరిసినట్టుంది."

"అది మీ కళ్ళద్దాల మెరుపే సార్."

ఆయన బీకరు వైపు వంగి, మెల్లగా అన్నారు. "మూతకి ఇంకో నాలుగు చిల్లులు పొడిస్తే?"

ఆమె ఆయన వైపు తిరిగింది. "తొందరపెట్టొద్దని మాకు నేర్పింది మీరే."

"అప్పుడు నేర్పేవాణ్ణి. ఇప్పుడు గడువుంది. పిండి రాలినా, అందులో ఒక్క నూక బాగుంటే చాలదా? ఒక్కరోజు ఆలస్యమైతే నేను చూసుకుంటా."

ఆమె సొరుగులోంచి సూది తీసింది. దాన్ని మూత మీద ఆనించింది కూడా. కిందటిసారి ఇలాగే తొందరపడి చిల్లులు పొడిచింది. మర్నాటికి బీకరు అడుగున తెల్లగా ముగ్గుపిండి. అందులో కిటికీ కాదు కదా, దీపం కూడా కనిపించలేదు.

సూదిని సొరుగులో పెట్టేసింది. పారదర్శకంగా ఉండే టేపు చిన్న చిన్న ముక్కలుగా చింపి, ఊపిరి బిగబట్టి, ఒక్కో చిల్లు మీదా అంటించింది. ఒక్కటి మాత్రం వదిలేసింది.

గైడుగారు చూస్తూ ఉన్నారు. "ఇక ఇది ఎప్పటికి వస్తుందమ్మా?"

"వచ్చినప్పుడే వస్తుంది సార్. ఇక తొందరెవరికి?"

"నా సర్వీసు వచ్చే ఏడాది వరకే."

"ఈలోపు వచ్చేస్తుందిలెండి."

"రాగానే ఫోన్ చేస్తా."

"ఫోన్ తర్వాత చేద్దురుగాని. ముందు దాన్ని కిటికీ వైపు పట్టుకుని చూడండి."

ఆయన తలూపి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. అవి శుభ్రంగానే ఉన్నాయి.

ఆమె కోటు విప్పి మేకుకి తగిలించింది. డబ్బా సంచిలో పెట్టుకుంది. ఫోటోని దించబోయి, గోడ అదురుతుందని వదిలేసింది. చెప్పులు చేత్తో పట్టుకుని వరండా చివరిదాకా నడిచి, మెట్ల దగ్గర వేసుకుంది. ఆ చప్పుడు కిందికి దిగిపోయేదాకా గైడుగారు లేవలేదు. తర్వాత ఫ్యాను ఆపి, మునివేళ్ళ మీద నడిచి, తలుపు దగ్గరగా వేశారు.

కిటికీ దగ్గర, బీకరు మూత మీద, సూదిమొనంత చిల్లు ఒక్కటే తెరిచి ఉంది.