పడేవాడు

మా బావ జూడో నేర్పే గదిలో ఇరవయ్యేళ్లుగా నా పని పడటమే. పగలు గోదాములో బస్తాలు మోస్తాను, సాయంత్రం ఇక్కడ నేనే బస్తాని. ఆయన పిలిచేదీ అలాగే.

"బస్తా, ఇలా రా. అందరూ చూడండి. ముందు ఎదుటివాడి తూకం తప్పించాలి. తర్వాతే నడుము. బలం ఆఖరిది."

చొక్కా చెయ్యి పట్టి లాగి, మోకాళ్లు వంచి తన నడుము నా నడుము కిందికి తెచ్చి, లేస్తాడు. నేను ఆయన వీపు మీదుగా వెళ్లి చాప మీద పడతాను.

అది ఒకప్పటి మాట. రెండేళ్లుగా ఆయన ఎడమ మోకాలు వంగడం లేదు. నా తూకం తప్పడం లేదు. ఆయన లాగగానే నేనే మడమలు లేపి, నేనే ఎగిరి, నేనే పడుతున్నాను. ఆ సంగతి ఆయనకి తెలియదు. మొదటిసారి జాలిపడి చేశాను. తర్వాత మానడం చేతకాలేదు.

రేపు పక్క ఊరి జూడో బడిలో నలుగురి ముందు ఆయన విసిరి చూపించాలి. పడేవాడు ఆ బడి మనిషి. వాడు నాలా పడడు.

ఈ సాయంత్రం అందరూ వెళ్లాక బావ అన్నాడు, "ఒక్కసారి వేసి చూసుకుంటానురా."

పట్టుకున్నాడు. లాగాడు. తిరిగాడు. నేను మడమలు నేలకి ఆనించి నిలబడ్డాను.

"ఏంట్రా, నిలబడి నిద్రపోతున్నావా?"

"లేదు బావా. ఇంకోసారి వెయ్యండి."

మళ్లీ లాగాడు. నేను కదల్లేదు. నా ఛాతీకి ఆనిన ఆయన వీపు ఎగసిపడుతోంది.

"ఎన్నాళ్లనుంచి?" ఇటు తిరగకుండానే అడిగాడు.

"రెండేళ్లు."

"మీ అక్కకి తెలుసా?"

"అక్కే చెప్పమంది. మీ ఇద్దరి నాటకం చూడలేక చస్తున్నానంది."

బావ చాప మీద కూలబడ్డాడు. మోకాలిని రెండు చేతులతో ఎత్తి సర్దుకున్నాడు. "ఇంట్లో ఈగకి కూడా తెలుసన్నమాట, నాకు తప్ప."

నాకూ పగలు మోసిన బరువు ఇంకా భుజాలు దిగలేదు. పక్కనే కూర్చున్నాను.

"రేపు నువ్వూ రా," అన్నాడు. "విసిరేది నువ్వు."

"పడేది ఆ బడి మనిషేగా?"

"నేను."

"బావా, మీరు పడి ఇరవయ్యేళ్లయింది."

"అందుకే ఇప్పుడు చూద్దామంటున్నా. లేపు నన్ను. మెల్లగా వెయ్యి, పాత కక్షలన్నీ ఇవాళే తీర్చుకోకు."

లేపాను. చొక్కా చెయ్యి పట్టి, చేతనైనంత మెల్లగా వేశాను. పడేవాడు దెబ్బ తగలకుండా కొట్టినట్టు, చేత్తో చాపని సరిగ్గానే కొట్టాడు. తల మాత్రం ఠపీమని తగిలింది.

పడుకునే కాసేపు పైకప్పు చూశాడు.

"గడ్డం ఛాతీకి దించడం ఆలస్యమైంది," అన్నాడు. "ఇంకోసారి."