రెండు ఆంప్లిఫైయర్లు, ఒక గొంతు

రేడియో మెకానిక్‌కు పాతకాలం రేడియోల్లో వెలిగే గాజు వాల్వులంటే ప్రాణం. ట్రాన్సిస్టర్ ఆంప్లిఫైయర్లు బాగుచేసి పొట్టపోసుకుంటూనే వాటిని రేకు డబ్బాలని తిడతాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. పాత సెట్లలోంచి పీకిన సామానుతో తన చేత్తో కట్టిన చిన్న వాల్వు ఆంప్లిఫైయర్ ఒకటి ఏడాదిగా బల్ల మీద ఉంది. కాకిపిల్ల కాకికి ముద్దు కనుక, తగినవాళ్లు వస్తేనే అమ్ముతానని కూర్చున్నాడు.

ఆ ఉదయం పక్కవీధి టైలరమ్మ ఒక క్యాసెట్ పట్టుకుని వచ్చింది. ఆమె భర్తా టైలరే. ఆయన పోయి ఎనిమిది నెలలైంది. ఎప్పుడో రేడియో పాటలు రికార్డు చేస్తుంటే మధ్యలో ఆయన మాటలు పడ్డాయట. ఫోటోలు బోలెడున్నాయి గానీ, గొంతు మిగిలింది ఇందులోనే.

“ఇంట్లో టేపూ, స్పీకర్లూ ఉన్నాయి అన్నయ్యా. ఆంప్లిఫైయరే కాలిపోయింది. పెద్ద ఖరీదుది వద్దు. గొంతు మాత్రం ఆయనదిలాగే ఉండాలి.”

“మనిషి గొంతంటే వాల్వే చెల్లెమ్మా. ఇదీ, ఆ ట్రాన్సిస్టర్‌దీ ఇంచుమించు ఒకే ధర. నువ్వే విని చెప్పు.”

ముందు ట్రాన్సిస్టర్ మీద పాట పెట్టాడు, తర్వాత వాల్వు మీద. వాల్వు పెట్టగానే ఆమె ముఖం విప్పారింది. మెకానిక్ మీసాల్లో నవ్వుకున్నాడు.

పక్క బల్ల దగ్గర ఫోన్లు బాగుచేస్తున్న కూతురు తలెత్తింది. “నాన్నా, వాల్వుకు సౌండ్ ఎక్కువ పెట్టావు. గట్టిగా వినిపించేదే ఎవరికైనా బాగుంటుంది.”

“నేనా?” అన్నాడు. పాపం, నిజంగానే తెలియదు. ముప్పై ఏళ్లుగా చెయ్యి అలా అలవాటుపడిపోయింది.

కూతురు స్పీకరు తీగలకు మీటరు పెట్టి రెండింటి సౌండూ సమం చేసింది. ఈసారి ఆమె క్యాసెట్ పెట్టి, వాల్వుతో మొదలుపెట్టారు. పాట మధ్యలో ఆయన గొంతు గుండ్రంగా, మెత్తగా పలికింది: “ఏమే, కత్తెర ఎక్కడ పెట్టావు? వెతకలేక చస్తున్నా.”

“బాగుంది అన్నయ్యా,” అంది టైలరమ్మ. “కానీ మా ఆయన ఇంత తియ్యగా ఎన్నడూ అడగలేదు.”

కూతురు కిసుక్కున నవ్వింది. మెకానిక్ టేపు వెనక్కి తిప్పి, తీగలు మార్చి, ట్రాన్సిస్టర్ మీద పెట్టాడు. అదే పాట, అదే మాట. కాకపోతే గొంతులో జీర ఉంది, విసుగుంది.

“మిషను మీదే ఉంది,” అంది టైలరమ్మ.

ఎవరికి జవాబిచ్చిందో మరుక్షణం తెలిసి, అరచేత్తో నోరు మూసుకుంది. కళ్లలో నీళ్లు ఆగలేదు.

నాలుగు రోజులు వింటే వాల్వే నచ్చుతుందన్న మాట మెకానిక్ నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. తన ముద్దుల వాల్వు ఆంప్లిఫైయర్‌ను తనే పక్కకు జరిపాడు. మనసు చివుక్కుమంది, నిజమే.

“ఇదే తీసుకెళ్లు చెల్లెమ్మా. ఇదిగో, ఈ మీట ఇటు తిప్పితే సౌండ్ పెరుగుతుంది.”

“పెంచకండి.”

ఆమె టేపు వెనక్కి తిప్పుతూ, వింటూ, మీట కొంచెం కొంచెంగా తగ్గించింది. నాలుగోసారికి చెయ్యి ఆపింది. సంచిలోంచి బట్టలకు గీతలు గీసే సుద్దముక్క తీసి, మీట ఆగిన చోట చిన్న గీత గీసింది.

“ఇంతే,” అంది. “ఆయన ఇంతకన్నా గట్టిగా మాట్లాడేవాడు కాదు.”