ఉక్కు కప్పు కింద

ఒనోఫ్రే కార్కమో తన జన్మలో చేసిన ఘనకార్యం ఒక్కటే. పై అధికారుల కాళ్లావేళ్లా పడి, తమ్ముడు లిబోరియోను ఫిరంగుల దగ్గర్నుంచి తప్పించి బాయిలర్ల గదిలో వేయించాడు.

కొత్త యుద్ధనౌక, ఆ క్రూయిజరు, వల్పరైసో రేవుకు వచ్చిన నాటి నుంచీ అందరి నోటా దాని మాటే. పక్కలకు కవచం లేదు. నీటిమట్టం దగ్గర ఓడ పొడవునా ఉక్కు డెక్కు పరిచారు. దాని కింద యంత్రాలు, మందుగుండు. పైన ఫిరంగులూ మనుషులూ. బరువు తక్కువ, వేగం ఎక్కువ అని పెద్దలు మురిసిపోయారు. పైనున్న వాళ్ల గతేమిటని ఒక్కడూ అడగలేదు.

"ఆ మసిలో నేనుండలేనన్నా. చస్తే సముద్రం చూస్తూ చస్తాను," అన్నాడు లిబోరియో.

"నోర్ముయ్‌రా. నీ నెత్తిమీద ఉక్కు కప్పుంటుంది. పైన ఫిరంగి దగ్గరుండే నా నెత్తిమీద పిట్టల రెట్ట తప్ప ఏముంది?"

మంత్రి చూడవచ్చిన రోజున నిజం యుద్ధంలాగే అన్నీ జరగాలన్నారు. బూర ఊదగానే డెక్కులోని ఉక్కు మూతలు బిగించాలి. మళ్లీ ఊదేదాకా తీయకూడదు. బాయిలర్ల మీది మూత ఒనోఫ్రే వంతుకొచ్చింది. బిగించి దానిమీద నిలబడ్డాడు.

కాసేపటికి కింద ఏదో పేలింది. మూత వేడెక్కింది. ఎవరో పారతో కిందనుంచి బాదుతున్నారు.

"సార్, ఆవిరి గొట్టం పగిలినట్టుంది! మూత తీస్తాను సార్, మా తమ్ముడున్నాడు!"

"బూర ఊదారా?" అన్నాడు లెఫ్టినెంటు, ఒక కన్ను మంత్రి మీదే ఉంచి. "ఆయన ముందు మన పరువు తీస్తావా? ముట్టుకున్నావంటే సంకెళ్లే!"

ఒనోఫ్రే ముట్టుకోలేదు. భయపడ్డాడు. దానికి క్రమశిక్షణ అని పేరు పెట్టేవాళ్లు పెట్టుకోవచ్చు. బూట్ల కింద దెబ్బలు కాసేపు తగిలాయి, తర్వాత ఆగిపోయాయి.

బూర ఊదాక మూత తీసి, శవాలను పైకి చేర్చారు. ఓడకు నమూనా గీసిన పెద్దమనిషి టోపీ తీసి, విచారంగానే అన్నాడు. "అయినా గమనించారా, పైకి చుక్క ఆవిరి రాలేదు." మంత్రి తలూపాడు.

ఆ సాయంత్రం కొండమీది ఇంట్లో తల్లి మాతే ఆకుల కషాయం కాచింది. తాగేందుకు ఎప్పుడూ ఒకే సొరబుర్ర. ఆమె ఓ గుక్క తాగి కొడుకుకిస్తుంది, కొడుకు తిరిగి ఆమెకిస్తాడు.

"ఉక్కు కప్పు కింద పెట్టానన్నావు కదరా. దానికి తలుపుండదా?"

"ఉందమ్మా."

"తీసే దిక్కే లేకపోయిందా నా బిడ్డకు?"

"ఉన్నాడమ్మా. దానిమీదే నిలబడ్డాడు. నేనే."

అలవాటుకొద్దీ బుర్ర కోసం చెయ్యి చాపాడు ఒనోఫ్రే. ఆమె ఇవ్వలేదు.